దుందుభి గొంతు

"అరవడం మర్చిపోయావేంటే?" అన్నాడు మా ఆయన బెన్‌హర్, ఇడ్లీ ముక్కని చట్నీలో అద్దుకుంటూ. "పోయినవారం దుందుభిని గొలుసులతో అంత కొడుతుంటే దోమ కుట్టినట్టు మూలిగావు. ఛానల్ వాళ్ళు ఫోన్ చేసి మరీ అడిగారు. ఇవాళ క్లైమాక్స్ డబ్బింగ్. గొంతు చించుకుని అరవాలి, తెలిసిందా?"

ఇంకో రెండు ఇడ్లీలు వడ్డించాను. వంగినప్పుడు కుడివైపు పక్కటెముక కలుక్కుమంది. నిన్న సాయంత్రం వంటగట్టుకేసి నెట్టి, కింద పడ్డాక కాలితో తన్నింది ఈయనే. ఇవాళ అరవలేదని అడుగుతున్నదీ ఈయనే. పైకి మాత్రం "అలాగేనండీ" అన్నాను. సోఫాలో కూర్చున్న మా అత్తయ్య కరుణాకుమారి, "మిరియాల పాలు తాగి వెళ్ళమ్మాయ్, గొంతుకి మంచిది" అంది. ఈ ఇంట్లో నా గొంతు మీద అందరికీ శ్రద్ధే. ఆయన నన్ను మొహం మీద కొట్టడు, మెడ జోలికి రాడు. మర్నాడు డబ్బింగ్ ఉంటుంది కదా. వీపు, తొడలు, డొక్కలు ఆయనవి. గొంతు ఛానల్ వాళ్ళది.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. దుందుభి సీరియల్ మీరు చూసే ఉంటారు, మొదటి సీజనైనా. తెర మీద ఎగిరి తన్నే ఆ అమ్మాయి ముంబై నుంచి వస్తుంది, తెలుగు ముక్క రాదు. కెమెరా ముందు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెబుతుంది. కోపమైతే గట్టిగా చెబుతుంది, ఏడుపైతే ముక్కు ఎగబీలుస్తూ చెబుతుంది. ఆ అంకెల మీద మాటలు కప్పేది నేను. ఫిల్మ్ నగర్‌లో ఒక గదిలో నిలబడి, దుందుభి కొడితే నేను హుంకరిస్తాను, దుందుభి పడితే నేను అరుస్తాను. టైటిల్స్‌లో దీన్ని గాత్రదానం అంటారు. జెరూష అన్న నా పేరు కనపడేలోపే పైకి పరిగెత్తిపోతుంది. కథ, మాటలు బెన్‌హర్ అన్నది మాత్రం తెర నిండా నిలబడుతుంది.

ఆ కథ పుట్టింది రహమత్ నగర్‌లో, ఒక గదీ వంటిల్లూ ఉన్న కిరాయి పోర్షన్‌లో. అప్పట్లో ఆయనకి ఒక్క సినిమా కూడా లేదు గానీ కథాచర్చలకి మాత్రం లోటు లేదు. వచ్చిన ప్రతివాడికీ టీలు, మిరపకాయ బజ్జీలు నేనే చెయ్యాలి. ఒకరోజు అందరూ వెళ్ళాక, బజ్జీల్లో ఉప్పు ఎక్కువైందని, వాళ్ళ ముందు తల తీసేసినట్టయిందని వీపు మీద పిడికిలితో గుద్దాడు. గోడ అవతల ఇంకో కుటుంబం ఉండేది. "నోరు మూసుకో, పక్కవాళ్ళు వింటారు" అనేవాడు కొట్టే ముందే. అందుకని పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి దెబ్బలు తినడం అలవాటైంది. ఆ రోజు అంట్లు తోముతూ నాలో నేను అనుకోవాల్సింది పైకే అనేశాను. తిన్న దెబ్బల్ని ఒంట్లో దాచుకుని కొట్టినవాడికి రెట్టింపు తిరిగిచ్చే ఆడది ఉంటే ఎంత బాగుండు అని. చెయ్యెత్తబోయిన మనిషి ఆగిపోయాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు. కుర్చీ లాక్కుని వంటింటి గుమ్మంలోనే కూర్చున్నాడు. పెళ్ళయ్యాక ఆయన నా మాట మొదటిసారి చివరిదాకా విన్నది ఆ రోజే.

అలా మొదటి సీజన్ మొత్తం చెప్పాను. కూర తరుగుతూ, మా అమ్మాయి దీనాకి జడ వేస్తూ, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ చెప్పాను. తాగొచ్చిన మొగుడు కొట్టిన చెంపదెబ్బ తిరిగి వెళ్ళి వాడి దవడ ఊడగొట్టే సీన్ నాది. బస్సులో నడుం మీద చెయ్యి వేసినవాడి మణికట్టు పటపటా విరిగి, చెయ్యి చేటంత వాచిపోయే సీన్ నాది. కోడలి చేతి మీద వాతలు పెట్టిన ఇంట్లో వరసగా అందరి చర్మం బొబ్బలెక్కే ఎపిసోడ్ చూసి మా అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక్కో ఎముక విరుగుతుంటే నాకెంత హాయిగా ఉండేదో. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అన్నం తిన్నంత హాయి. ఎందుకంటే అందులో ప్రతి దెబ్బా ముందు నాకు తగిలింది. మైకు ముందు నిలబడి ఆ దెబ్బని తిరిగి ఇచ్చేటప్పుడు తెర మీద విలన్ మొహం నాకు కనపడేదే కాదు. కనపడింది ఎవరి మొహమో మీకు తెలుసు.

సీరియల్ దుమ్ము రేపింది. మేం ఫిల్మ్ నగర్ ఫ్లాట్‌కి మారాం. ఆయనకి కారు, డ్రైవరు, జూబ్లీ హిల్స్‌లో పార్టీలు వచ్చాయి. నేనూ వస్తానంటే, "నువ్వొచ్చి అక్కడ ఏం మాట్లాడతావ్?" అన్నాడు. రాష్ట్రమంతా నా గొంతు వింటోందండీ అందామనుకుని, మింగేశాను.

రెండో సీజన్‌కి ఛానల్ వాళ్ళు కూర్చోబెట్టి చెప్పారట. మొగుణ్ణి కొట్టే ఆడదాన్ని కుటుంబాలు ఎంతకాలం చూస్తాయి, కాస్త సెంటిమెంట్ పెట్టండి అని. ఇంకేం, ఆరంభ శూరత్వం అక్కడితో సరి. దుందుభికి తల మీద దెబ్బ తగిలి గతం మర్చిపోయింది. అచ్చం తనలాంటి చెల్లెలు ఊడిపడింది. అత్త పాయసంలో విషం కలిపింది. చివరికి భర్త బొట్టు పెడితేనే దుందుభికి శక్తి వస్తుందని తేల్చారు. ఆదివారం చర్చిలో మొదటి బెంచీలో కూర్చునే మా ఆయనే ఈ బొట్టు మహిమ రాశాడంటే ఇంక ఏం చెప్పను. చూస్తూ చూస్తూ మా దీనా మధ్యలోనే లేచి ఆడుకోవడానికి వెళ్ళిపోయేది. మూడో సీజన్‌కి వచ్చేసరికి దుందుభి కొట్టడం పూర్తిగా మానేసింది. ఎవరొచ్చినా తనని కొట్టడమే. నేను మైకు ముందు హుంకరించి ఏడాది దాటిపోయింది.

రేటింగులు గురువారం వస్తాయి. అందుకని గురువారం అంటే నాకు వణుకు. ఆయన బూట్లు విప్పే తీరు చూసి అంకె ఎంత పడిందో చెప్పగలను. "నువ్వు కావాలనే సీన్లు చెప్పట్లేదు కదే? ముందు చెప్పినట్టు చెప్పొచ్చు కదా" అంటూ మొదలుపెట్టేవాడు. చెబితే, "అలాంటివి ఛానల్ ఒప్పుకోదు, బుర్ర లేదా?" అని ఒకటి వేసేవాడు. చెప్పకపోతే పొగరని ఇంకోటి. ఫ్లాట్ గోడలు మందమైనా నా నోరు మాత్రం రహమత్ నగర్‌లోనే ఉండిపోయింది, తెరుచుకునేది కాదు. దీనా చెవిన పడకూడదని అత్తయ్య హాల్లో టీవీ సౌండ్ పెంచేది. ఒక గురువారం ఆ టీవీలో పాత ఎపిసోడ్ మళ్ళీ వేస్తున్నారు. బెడ్‌రూంలో నేను నేల మీద ముడుచుకుని డొక్కలో తన్నులు తింటున్నాను. హాల్లో నా గొంతే "రా, ఇంకొక్కటి కొట్టి చూడు" అని గర్జిస్తోంది. మా అత్తయ్య ఆ గొంతునే ఇంకాస్త పెంచింది.

నిన్న గురువారం. క్లైమాక్స్ చదివి వినిపించాడు. దుందుభిని సొంత మొగుడే బెల్టుతో కొడతాడట. ఒళ్ళంతా చీలిపోయేదాకా కొడతాడట. తిరిగిచ్చే శక్తి ఉండి కూడా ఇవ్వకపోవడమే పాతివ్రత్యమని దుందుభి మోకాళ్ళ మీద కూర్చుని, "నాకీ శక్తి వద్దు. మీ పాదాల దగ్గర చోటిస్తే చాలు" అంటుందట. దాంతో సీరియల్ ముగింపు. "ఆడవాళ్ళు టీవీల ముందు కూర్చుని ఏడ్చి చావాలి" అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "తిన్న దెబ్బలన్నీ ఒక్కసారే తిరిగిచ్చెయ్యనివ్వండి. చూసేవాళ్ళు దానికోసమే కదా ఇన్నాళ్ళూ కూర్చున్నది" అన్నాను. ఆ తర్వాతే వంటగట్టు, కాలు, పక్కటెముక.

ఇవాళ కారులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ ముంబై పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది అంకెలే. ఆ అంకెల్లో లొంగుబాటు లేదు, పాదాలు లేవు. నేను చెబితేనే దుందుభి లొంగుతుంది. చెప్పకపోతే పని పోతుంది, ఇంట్లో ఏం జరుగుతుందో దేవుడికెరుక. చెబితే, కాళ్ళ దగ్గర చోటు చాలని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నా నోటితో చెప్పినదాన్నవుతాను. ఇదివరకు నేను ఇలాంటివి ఆలోచించేదాన్ని కాదు, డైలాగే కదా అనుకునేదాన్ని. పక్కటెముక ఆలోచింపజేసింది.

డబ్బింగ్ గదిలో నేను ఒక్కదాన్నే. అద్దం అవతల డైరెక్టర్ రిత్విక్, ఆయన పక్కన మా ఆయన, బోర్డు ముందు సౌండ్ ఇంజనీర్ వీరయ్యన్న ఉన్నారు. "చెల్లె, జర మైకుకు దగ్గరకొచ్చి నిలబడు. రెడీనా?" అన్నాడు వీరయ్యన్న. రికార్డింగ్ మొదలైనట్టు అద్దం పైన ఎర్ర దీపం వెలిగింది. తెర మీద బెల్టు లేచింది.

దెబ్బ పడింది. అరుద్దామని గాలి పీల్చబోతే పక్కటెముకలో కత్తిపెట్టి పొడిచినట్టయింది. పళ్ళు బిగుసుకున్నాయి. రెండో దెబ్బ, మూడో దెబ్బ పడ్డాయి. తెర మీద చర్మం చీలుతోంది, రక్తం గోడ మీదికి చిమ్ముతోంది. నా ముక్కులోంచి గాలి తప్ప ఏమీ రావట్లేదు. ఇంట్లో ఎలా తింటానో మైకు ముందూ అలాగే తింటున్నాను.

"ట్రాక్ రావట్లేదా?" అన్నాడు రిత్విక్.

"వస్తున్నది సార్, ఊపిరి వినవడుతున్నది" అన్నాడు వీరయ్యన్న. ఆయన నావైపు చూసిన చూపు మామూలుగా లేదు.

"మేడమ్, పెయిన్ చాలట్లేదు. ఇంత కొడితే ఎవరైనా అరుస్తారు కదా" అన్నాడు రిత్విక్.

మా ఆయన ముందుకు వంగి మీట నొక్కాడు. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు నేరుగా నా చెవిలో పడింది. "జెరూషా, నిన్ను నిజంగా ఎవరో కొడుతున్నట్టు ఊహించుకో. కాస్త ఊహ ఉండాలి."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కూడా నొప్పే.

"అరుపుల సంగతి తర్వాత" అన్నాను. "ఆ చివరి మాట నేను చెప్పను. దుందుభి కాళ్ళ దగ్గర చోటు అడగదు."

రిత్విక్ నోరు తెరిచాడు. మా ఆయన నవ్వుతూ అతని భుజం తట్టడం అద్దంలోంచి కనపడింది. "మా ఆవిడే కదా, రెండు నిమిషాల్లో ఒప్పిస్తా" అని ఉంటాడు. లేచి లోపలికి వచ్చాడు.

తలుపు మూశాడు. ఆ గది తలుపు ఇనప్పెట్టె తలుపులా ఉంటుంది, మూస్తే లోపల ఏం జరిగినా బయటికి వినపడదు. అద్దానికి వీపు పెట్టి, బయటివాళ్ళకి బుజ్జగిస్తున్నట్టు కనపడేలా నిలబడ్డాడు. ఇన్నేళ్ళు సీరియల్ రాసినా మైకు ముందు ఒక్కసారీ నిలబడని మనిషి. ఇంట్లో తలుపు వేస్తే సరిపోతుంది, ఇక్కడా అంతే అనుకున్నాడు. కానీ టేకు ఆపమని ఎవరూ అనలేదు. వీరయ్యన్న ఆపలేదు. మా ఆయన భుజం మీదుగా ఎర్ర దీపం నాకు కనపడుతూనే ఉంది. ఇదంతా రికార్డవుతోందని చెప్పొచ్చు. నేను చెప్పలేదు.

"ఏమే, నలుగురిలో పరువు తీస్తావా?" అన్నాడు, ఇంట్లో తలుపేశాక మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో. "నోర్మూసుకుని ఆ మాట చెప్పు. లేదంటే నిన్న ఒకవైపే అయింది, ఇవాళ రెండోవైపు కూడా విరగ్గొడతా."

"నిన్న నన్నెందుకు తన్నారు?" అని అడిగాను. పెళ్ళైనప్పట్నుంచీ ఈ ప్రశ్న నేను అడగలేదు. మైకుకి ఎంత దూరంలో నిలబడితే ఎదుటి మనిషి మాట కూడా శుభ్రంగా పడుతుందో చూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"సలహా ఇచ్చినందుకు తన్నా. రేటింగు పడినందుకు తన్నా. నా పెళ్ళానివి కాబట్టి తన్నా. చాలా, ఇంకా కావాలా?" అంటూ బొటనవేలు నా పక్కటెముక మీద పెట్టి, సరిగ్గా విరిగినచోట, లోపలికి నొక్కాడు.

అరిచాను. ఎముక ఇంకా విరిగినా ఫరవాలేదని గాలి నిండా పీల్చి అరిచాను. దీనా వింటుందని, పక్కింటివాళ్ళు వింటారని, అత్తయ్య ఏమనుకుంటుందోనని ఇన్నేళ్ళు మింగిన అరుపంతా ఆ గదిలో పగిలింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని రెండడుగులు తడబడ్డాడు. తను కొడితే నేను అరవగలనని ఆయనకి నిజంగా తెలియదు పాపం. తెలియనట్టే చూశాడు.

హెడ్‌ఫోన్స్‌లో వీరయ్యన్న గొంతు వినపడింది. గోడ స్పీకర్లో కూడా వినపడినట్టుంది, మా ఆయన గిరుక్కున తిరిగాడు.

"బెన్‌హర్ సార్. మైకు ఆన్‌లనే ఉన్నది."

అద్దం అవతల రిత్విక్ నిలబడి ఉన్నాడు. మా ఆయన ఎర్ర దీపం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ మొహం చూడటానికి నేను మొదటి సీజన్ మొత్తం చెప్పాను, కానీ ఇప్పుడు చూస్తూ నిలబడే తీరిక నాకు లేదనిపించింది. తెర మీద దుందుభి మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు చెప్పుకుంటూనే ఉంది.

నేను మైకు దగ్గరికి జరిగాను.

"అన్నా, ఆ ట్రాక్ చెరపకండి, నాకొక కాపీ కావాలి. దుందుభి చివరి మాటకి ఇంకో గొంతు వెతుక్కోమనండి. నేను జూబ్లీ హిల్స్ పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను, అక్కడ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."