పిస్తోలులో బంగారు పిట్ట

పాత వస్తువులు సేకరించేవాళ్ల కోసం, వేలానికి వచ్చిన ప్రతిదాని గుణదోషాలు రాసిపెట్టడం నా ఉద్యోగం. ఆ పిస్తోలు గొట్టమంతా చెక్కిన పూలతీగను చూసి నోరు వెళ్లబెట్టాను. తీరా చూస్తే, మందుకు నిప్పందించే చిన్న రంధ్రంలో ఎవడో బంగారు పిట్టను బిగించాడు. ‘లోపాలు’ కింద ‘పేలదు’ అని రాసి, ఒళ్లు మండి, నగల మీద నగిషీలు చెక్కే మా అత్తయ్య దగ్గరికి పట్టుకెళ్లాను.

“ఏ తలమాసినవాడి పనో ఇది! పీకెయ్యగలవా?”

అత్తయ్య భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

“నోరు అదుపులో పెట్టుకో. తీగ చెక్కిన చెయ్యే పిట్టనూ పెట్టింది. తీగ కొస చూడు, పిట్టకి చోటిస్తూ ఎలా పక్కకి తిరిగిందో.”

“అంటే, మొదట్నించీ పేలదా?”

“పేలకూడదనేరా, ఇంత కష్టపడ్డాడు.”

‘పేలదు’ అన్న మాటను లోపాల కింద కొట్టేసి, ‘పనితనం’ కింద రాశాను.