నల్ల సామలు దొరికాయి

ఆ వారం ముంచింగిపుట్టు సంతకు యర్రమ్మ ఏమీ కొనడానికి రాలేదు. మే నెల వానకు కప్పు కారి, అటక మీది విత్తనాల బుట్ట తడిసిపోయింది. అత్తగారి కాలం నుంచి దాచుకుంటూ వస్తున్న సామలు మొలకెత్తి పాడయ్యాయి. నేరుగా రైతుల సంఘం ఆఫీసుకు వెళ్లి, కంప్యూటరు ముందున్న నిర్మలకు సంగతి చెప్పింది.

నిర్మల కొంతకాలంగా కొండ ఊళ్లన్నీ తిరిగి పాత విత్తనాల గురించి రైతుల మాటలు రికార్డు చేసింది, గింజల ఫొటోలు తీసింది. ఒక్కోదాని సారాంశం రాసి, మాట కొట్టి వెతికితే దొరికేలా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది.

"ఆ సామలకి పేరేటి పిన్నీ?"

"పేరేటుంటాది గుంటా, సామలే. నల్లగుంటాయి. మెట్ట మీద ఏత్తాం. దసరాకి ముందే కోతకొచ్చెత్తాయి."

నిర్మల 'సామలు' అని కొట్టింది. సామల జావ కాచే పద్ధతితో సహా ఆ మాటున్నవన్నీ వచ్చిపడ్డాయి. 'దసరాకి ముందు' అని కొడితే దసరా ఊసెత్తిన వాళ్లందరూ వచ్చారు. యర్రమ్మ ఆశగా తెరకేసి చూస్తూనే ఉంది.

"వచ్చే సంతకి రా పిన్నీ. నేను సర్దిన తీరు బాగోలేదు. సరిచేస్తాను."

అంతవరకు అన్నిటినీ ఉత్త మాటలుగానే కలిపి పెట్టింది. ఇప్పుడు విడదీసింది. తెలుగు పేరు పక్కనే కువి, ఆదివాసీ ఒడియా భాషల పేర్లు చేర్చింది. కోత కాలం ఒకరు దసరా అన్నారు, ఒకరు వానలు తగ్గాక అన్నారు. వాటిని నెలల్లోకి మార్చి, ఫలానా నెలకు ముందు కోతకొచ్చేవి ఏవని అడిగే వీలు కల్పించింది. ఊళ్లను మ్యాపు మీద గుర్తు పెట్టింది. ఫొటోల పక్కన గింజ రంగు, పండే నేల రాసింది. రికార్డులన్నీ మళ్లీ విని పూర్తిగా రాతలోకి దించి, రాతకు ఆ గొంతును జతచేసింది.

మరుసటి సంతనాడు రంగు, నేల, నెల చెప్పి వెతికితే మూడే వచ్చాయి. మొదటి రెండు ఫొటోలకూ యర్రమ్మ తల అడ్డంగా ఊపింది. మూడోది చూసి ముందుకు వంగింది. నిర్మల ఆ రైతు గొంతు వినిపించింది. పెదబయలు వైపు కొండల్లో ఉండే సోంబరు అనే పెద్దాయన మాట్లాడుతున్నాడు: "దీని కంకి బిరుసు. పిట్టలు బేగి ఒలవలేవు."

"మా అత్త కూడా ఇలాగే అనేది," అంది యర్రమ్మ మెల్లగా. "ఇయ్యే గుంటా."

నిర్మల ఫోను చేస్తే, ఆ తర్వాతి సంతకు సోంబరే విత్తనాల మూట పట్టుకుని జీపు దిగాడు.

"నీకేటిమ్మంటావు అన్నా?" అని అడిగింది యర్రమ్మ.

"పండినాక ఇత్తనం దాసుకో. మా ఇంట్లో పాడైతే నీ కాడికే వత్తాను."

వానలు సమంగా పడి సామలు బాగా పండాయి. కొత్త సామలు మొదటిసారి వండుకునే సామకొత్త పండగకు యర్రమ్మ ఇద్దరినీ పిలిచింది. కొత్త సామన్నం కొండదేవతకు పెట్టి, ఇంటి పెద్దల పేర్లతో పాటు సోంబరు పేరూ నిర్మల పేరూ చెప్పి దండం పెట్టుకుంది.

"నువ్వొచ్చి అడక్కపోతే నా పని సగంలోనే ఉండిపోయేది పిన్నీ," అంది నిర్మల.

"ముందు తిను," అని యర్రమ్మ ఆమె అడ్డాకులో ఇంకాస్త అన్నం వడ్డించింది.