మూల కత్తిరించిన కార్డులు

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలగడానికి ముందు డబ్బా తెరుచుకోవాలి. ఒకప్పటి బిస్కెట్ల డబ్బా. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు దాని నిండా చిన్న చిన్న అట్ట కార్డులు, కార్డుకో బైబిలు వాక్యం, దేవుడి వాగ్దానంగా. అత్తగారు మంచం మీద కూర్చుని ప్రార్థన చేసి, అందరినీ కళ్లు మూసుకోమని, తనూ మూసుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒకటి తీసేది. ఆ రోజుకి అదే చట్టం. ఉద్యోగం మారాలా, పిల్లనివ్వాలా, పన్ను పీకించుకోవాలా, ఏదైనా సరే సంఘంలో సగం మంది ఆ డబ్బా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు. 'వాగ్దానాలమ్మ' అని పేరు పెట్టింది వాళ్లే. పాస్టరుగారి ప్రసంగం కన్నా డబ్బాకే గిరాకీ ఎక్కువ. ఆ సంగతి పాస్టరుగారికీ తెలుసు కాబట్టి, ఆవిడ ఎదురైతే రెండు మెట్లు దిగి మరీ పలకరించేవాడు.

కోడలు ముందుగదిలో కుట్టుమిషను తొక్కేది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమె కూడా ఆ డబ్బాని నమ్మింది. మనస్ఫూర్తిగా నమ్మింది, పిచ్చి తల్లి.

కొన్నేళ్ల కిందట ఆమె తల్లికి జబ్బు ముదిరింది. చూడాలని ఉందని కబురు పంపింది.

"అమ్మ మంచం మీంచి లేవట్లేదంట అత్తయ్యా. ఒకసారి వెళ్లొస్తాను."

"వెళ్లకేం అమ్మాయ్! వద్దనడానికి నేనెవర్ని? పొద్దున్నే దేవుణ్ణి ఒక మాట అడుగుదాం."

పొద్దున్నే అడిగారు. 'కనిపెట్టుకొని ఉండుము' అని వచ్చింది, ఎదురుచూస్తూ ఆగమని. మర్నాడు 'ఓర్పు వహించుము' అని, ఆ మర్నాడు 'మౌనముగా ఉండుము' అని. కోడలు రోజూ సంచీ సర్దడం, రోజూ విప్పడం. ఆమె భర్త సిటీ బస్సు నడిపేవాడు. రోడ్డు మీద లారీలకి కూడా దారివ్వని మనిషి, తల్లి ముందు మాత్రం చేతులు కట్టుకునేవాడు. "దేవుడు ఆగమంటుంటే నేనెలా పొమ్మంటానే?" అన్నాడు.

దేవుడు ఆగమన్నాడు గానీ చావు ఆగలేదు. కబురు వచ్చినప్పుడు అత్తగారు "ఎవరి వేళ వాళ్లకి రాసిపెట్టి ఉంటుందమ్మా" అని నిట్టూర్చి, ఆ పూట కూరలో ఉప్పు తగ్గిందని కూడా చెప్పింది.

ఆ వానాకాలంలోనే కప్పు కారి డబ్బాలోకి నీళ్లు దిగాయి. అత్తగారు పక్కవీధిలో ప్రార్థనకి వెళ్లి ఉంది. కార్డులు అతుక్కుపోతాయని కోడలు వాటిని మేడమీద దుప్పటి పరిచి ఆరబోసింది. ఎండకి ఆరుతుంటే చూసింది. కొన్నిటికి ఒక మూల చిటికెడు కత్తిరించి ఉంది. దర్జీ పని చేసే మనిషికి దాని సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ ముక్క ఎటువైపుదో చేతికి తెలియడానికి తనూ గుడ్డకి గాట్లు పెడుతుంది. కత్తిరించిన కార్డులన్నీ ఏరి పక్కన పెట్టింది. ఆగు, ఓర్చుకో, నోరు మూసుకో, లోబడు. ఒక్కదాని మీద కూడా వెళ్లు అని లేదు.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కోడలు ఊరెళితే పొయ్యి దగ్గర తను నిలబడాలి. ఇంత మోసానికీ వెనకున్న కారణం అంతే. అయినా ఆవిడ పొద్దున్నే మూసిన కళ్లు ఏనాడూ తెరవలేదు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. చూసిందంతా బొటనవేలు.

కోడలు అరవలేదు, ఏడవలేదు. అరిస్తే నమ్మేదెవరు? కార్డులన్నీ తడి ఆరాక ఎలా ఉన్నవి అలాగే డబ్బాలో సర్దింది. కనిపెట్టుకొని ఉండడం ఆమెకి అప్పటికే బాగా నేర్పారు.

ఏళ్లు గడిచాయి. అత్తగారి కళ్లకి పొర కమ్మింది. కార్డు తీసేది ఆవిడే, చదివి వినిపించే పని మాత్రం కోడలికి వచ్చింది. ఒకనాటి సాయంత్రం ఫోను మోగింది. అత్తగారి అక్క ఆఖరి ఘడియల్లో ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే చెల్లెల్ని ఎత్తుకు పెంచింది ఆ అక్కే. "చెల్లిని తీసుకురండి, దాని చెయ్యి ఒకసారి పట్టుకోవాలి" అంటోందట.

అత్తగారు ఆ సాయంత్రమే పెట్టె సర్దించుకుంది. "పొద్దున్నే కారు మాట్లాడరా. కార్డు తీసి బయల్దేరిపోదాం" అంది కొడుకుతో, కార్డులో ఏం రాబోతోందో తెలిసినంత ధీమాగా. ఆవిడ ప్రార్థనకి కూర్చున్నాక కోడలు గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తీసింది. మిగిలిన కార్డులన్నిటికీ ఒక్కొక్క మూల చిటికెడు చొప్పున, వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించింది. ఇక నుంచి ఏది వస్తే అదే దేవుడి మాట, నాకేం పాపం అంటదు అనుకుంది.

తెల్లవారింది. కారు గుమ్మంలో ఉంది. అందరూ కళ్లు మూసుకున్నారు, కోడలు తప్ప.

అత్తగారి చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. బొటనవేలు ఒక కార్డు అంచు తడిమి వదిలేసింది. ఇంకొకటి, మరొకటి. తర్వాత అడుగుదాకా వెళ్లి కెలికింది. ఆవిడ ముఖంలో రంగు దిగిపోవడం కోడలు కళ్లారా చూసింది. ఎన్నేళ్లుగానో ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేసినట్టనిపించింది.

కార్డుల్ని ఎవరో పాడుచేశారని అరవచ్చు. కానీ కార్డు మూలతో నీకేం పని అని కొడుకు అడిగితే ఏం చెబుతుంది?

"అమ్మా, ఆలస్యమవుతోంది" అన్నాడు కొడుకు కళ్లు మూసుకునే.

అత్తగారు ఏదో ఒకటి పైకి తీసింది. కోడలు అందుకుని చూసింది. 'సమాధానముతో వెళ్లుము.' మనశ్శాంతితో వెళ్లిరమ్మని.

దేవుడు నిజంగానే ఆ గదిలో ఉన్నట్టు ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. భయం వేసింది. ఆ భయం మీదే, తల్లి మంచం పక్కన ఖాళీగా ఉండిపోయిన చోటు గుర్తొచ్చింది.

"కనిపెట్టుకొని ఉండుము" అని చదివింది.

"ఆమెన్" అన్నాడు భర్త. లేచి బయటికెళ్లి కారు వెనక్కి పంపేశాడు. "రేపు చూద్దాంలే అమ్మా. దేవుడికి తెలియదా?" అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

"ఇంకోసారి చదువమ్మాయ్" అంది అత్తగారు.

మళ్లీ అదే చదివింది. అత్తగారు సర్దిన పెట్టె మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది. కోడలు కార్డుని మిషను సొరుగులో, దారపుండల కింద దాచింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుండగా ఫోను మోగింది. అక్క పోయింది. చివరిదాకా గుమ్మం వైపే చూసిందట.

అత్తగారు కంచం పక్కకి జరిపింది. పొర కమ్మిన కళ్లతో కోడలు ఎక్కడుందో వెతుక్కుంది.

"అమ్మాయ్... ఆ రోజు మీ అమ్మ కూడా ఇలాగే ఎదురుచూసిందా?"

"నాకేం తెలుసు అత్తయ్యా" అంది కోడలు. "నేను అక్కడ లేనుగా."

పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి, ఇంకొంచెం వడ్డించింది.