ప్లీడరు కోటు మీద ముడత

కోర్టు వెనక సందులో ఇస్త్రీ దుకాణం ఎనిమిదింటికల్లా తెరుచుకుంటుంది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, దాని మీద మడతపెట్టిన దుప్పటి, ఇస్త్రీపెట్టె, కోట్లు తగిలించే కడ్డీ, ఇస్త్రీ ఆవిడ నిలబడేంత చోటు. ఆవిడ నీటిచుక్క విదిలించి పెట్టె వేడి చూసుకుని పని మొదలుపెడుతుంది. ముందు కాలరు, తర్వాత చేతులు, వీపు, ఆఖరికి ముందు భాగం. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ వరస మార్చదు.

ఆవిడ పెట్టెకి లొంగని ముడత ఒక్కటే ఉంది, అబద్ధపు ముడత. ఒంటి మీద ఉండగా అబద్ధమాడితే ఆ బట్ట మీద అది నిలిచిపోతుంది. నీళ్లు చల్లినా, తడిగుడ్డ వేసి రుద్దినా కదలదు. నిజం చెప్పేస్తే దానంతటదే పోతుంది. సందులో ఎవరికీ ఇదేం వింత కాదు. కూరల కొట్టాయన చొక్కా మీద ఎప్పుడు చూసినా మూడు ముడతలుండేవి. "వ్యాపారమన్నాక ఆ మాత్రం ఉండవా అమ్మా," అని అలాగే తొడుక్కుని పోయేవాడు. కొత్తగా పెళ్లయిన మగవాళ్లు కొందరు మాత్రం ఇంట్లోనే ఇస్త్రీ చేసుకోవడం నేర్చుకున్నారు.

ఆవిడ నాలుగేళ్ల కిందట పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది, తన పేరు కింద కూతురి పేరూ రాసి. ఆఫీసుకి ఎప్పుడు వెళ్లినా కిటికీ వెనక నుంచి ఒకటే జవాబు, "పరిశీలనలో ఉంది." కిటికీ వెనక మనుషులు మారారు గానీ జవాబు మారలేదు. ఈలోగా పిల్లకి పదిహేడు దాటాయి. పద్దెనిమిది నిండితే తల్లి దరఖాస్తులోంచి పేరు కొట్టేస్తారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి, అదీ వరస చివర. పుట్టిన దేశం మొహమైనా గుర్తులేని పిల్ల, రేపు వెళ్లిపొమ్మంటే ఎక్కడికి పోతుందన్న భయం ఆవిడని లోపల్లోపలే తినేసేది. అందుకే, కోర్టు గుమ్మం ఎక్కనివాళ్లే అదృష్టవంతులని నమ్మే మనిషి, ఫైలు తేల్చమని ఆఫీసు మీద దావా వేసింది.

ఇవాళ వాయిదా. పిల్ల పుట్టినరోజుకి సరిగ్గా తొంభై రోజులుంది. భోజనాల వేళ ఆవిడ లాయరు, ఇంకా చిన్న వయసే, పరుగు లాంటి నడకతో దుకాణానికి వచ్చింది. వెనకే ఆఫీసు తరఫున వాదించే పొడుగు ప్లీడరు, తల తగలకుండా వంగి చూరు కిందికొచ్చాడు.

"అక్కా, వాళ్లు ఒక మాటకొచ్చారు," అంది లాయరు. "మనం అరవై రోజులు దావా ఆపితే, ఆలోపు ఫైలు తేల్చేస్తారట."

"ఆపితే పోయినట్టే కదమ్మా?"

"పోదు. ఎక్కడిదక్కడే ఉంటుంది. మాట తప్పితే మళ్లీ నడిపిస్తాం. వాదించుకుంటూ కూర్చుంటే తీర్పుకే అయిదు నెలలు పడుతుంది. తెగేదాకా లాగొద్దు అక్కా."

"వాళ్లు మాట తప్పాక మిగిలేది ముప్పై రోజులు. ఆ ముప్పై రోజుల్లో మీ కోర్టు ఏం తేలుస్తుంది?"

ఇస్త్రీ ఆవిడ పొడుగు ప్లీడరు వైపు తిరిగింది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది. ఏమీ అనుకోకండి బాబూ. ఆ మాట నాతో ఒకసారి చెప్పి, కోటు విప్పి ఇవ్వండి."

ఆయన పేచీ పెట్టలేదు. "అరవై రోజుల్లో మీ ఫైలు తేలుస్తామమ్మా," అని, నల్లకోటు విప్పి బల్ల మీద పరిచాడు.

కాలరు, చేతులు, వీపు. అన్నీ చక్కగా వచ్చాయి. కుడి భుజం దగ్గర బెత్తెడు ముడత మాత్రం అలాగే ఉంది. ఆవిడ తడిగుడ్డ వేసి మళ్లీ రుద్దింది. ముడత కదల్లేదు.

పొడుగు ప్లీడరు నుదురు తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. రోజుకి ఇరవైమందికి ఇదే మాట చెప్పీ చెప్పీ, దానికో అర్థముందన్న సంగతి మర్చిపోయాడు. "నిజం చెప్పాలంటే, మీ ఫైలు నేను చూడలేదమ్మా. ఎక్కడుందో కూడా తెలీదు. అలా చెప్పి రమ్మన్నారు, చెప్పాను."

ఆయన మాట పూర్తయ్యేసరికి కోటు భుజం చదునైంది. ఆవిడ కోటు దులిపి చేతికిచ్చింది. "అయితే చూసి రండి. నేనిక్కడే ఉంటాను."

లాయరు వెళ్లి జడ్జిగారిని నాలుగింటిదాకా గడువడిగింది. ప్లీడరు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఆఫీసులోకి వెళ్లాడు. ఆ రెండు గంటల్లో ఇస్త్రీ ఆవిడ పధ్నాలుగు చొక్కాలు చేసింది. ఒక్కటీ కుదరలేదు.

నాలుగవడానికి అయిదు నిమిషాలుందనగా ఆయన వచ్చాడు. మోకాళ్ల నిండా దుమ్ము, జుట్టులో బూజు.

"పూర్తయిన ఫైళ్ల బీరువాలో ఉందమ్మా. మొదటి ఏడాదే ఎవరో తేలిపోయినవాటితో కలిపి పడేశారు. ఆ బీరువా ఎవరూ తెరవరు. అరవై రోజులు కాదు, ఆరేళ్లయినా అక్కడే ఉండేది." ఊపిరి తీసుకున్నాడు. "పెద్ద అధికారి బల్ల మీద నేనే పెట్టి వచ్చాను. పిల్ల పుట్టిన తేదీ చూపించాను. అరవై రోజుల్లోపే తేలుస్తామని రాసిచ్చారు."

అడక్కుండానే కోటు విప్పి ఇచ్చాడు. భుజం మీదుగా పెట్టె ఒక్కసారి పోయింది, అంతే, ఎక్కడా గీత లేదు. ఆవిడ పెట్టె పక్కన నిలబెట్టి, కోటు ఆయన చేతికిచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఆపేయమ్మా దావా," అంది లాయరుతో. "హాయిగా ఆపేయి."

జడ్జిగారు రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. ఆ పూట ఆవిడ చాన్నాళ్లకి ఆకలేసి అన్నం తింది.

నలభై మూడో రోజున కవరు వచ్చింది. మంజూరైందని రాసి, కింద రెండు పేర్లు వేశారు. లాయరుకి ఫోన్ చేస్తే, "ఇక కేసు మూసేద్దామా అక్కా?" అంది. "మూసెయ్యి తల్లీ," అంది ఆవిడ.

కాగితంలో ఆవిడ వేలు ముందు రెండో పేరు మీదికే వెళ్లింది. ఆ పేరే బట్టలకొచ్చిన ప్రతివాళ్లకీ చదివి వినిపించింది. పిల్ల కాలేజీ నుంచి రాగానే దానికీ చదివి వినిపించింది. "మరి నీదేదమ్మా?" అని పిల్ల అడిగేదాకా, పైన తన పేరుందో లేదో చూసుకోవాలని ఆవిడకి తట్టనేలేదు.