నదికి అవతల పదిహేను తూటాలు

న్యూజెర్సీలో తూటాల పరిమితి పదిహేను నుంచి పదికి దిగిన ఏడాది ఎమిల్ కోవాచ్ డెబ్బై దాటాడు. అంతవరకు రైఫిల్ అడుగున బిగించే తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, పదిహేను దాకా పట్టేదైనా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కొత్త చట్టం పదికి మించకూడదంది. ఇప్పటికే ఉన్నవాటిని పోలీసులకు అప్పగించాలి, లేదా పదికి మించి పట్టకుండా శాశ్వతంగా మూయించాలి. అదీ కాదంటే, అలాంటివి తప్పుకాని రాష్ట్రంలో ఉన్న మనిషికి ఇచ్చెయ్యాలి. డిసెంబరు గడువు.

ఫిలిప్స్‌బర్గ్‌లో ఎమిల్‌ది, నాదీ ఒకటే వీధి. ఆయన పంపుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నేను స్కూలు బస్సు నడిపేవాణ్ణి. ఇద్దరం ఒకే క్లబ్బులో గురి పోటీలకు వెళ్ళేవాళ్ళం. ఎమిల్ దగ్గర ఒక అల్మారా అర నిండా మ్యాగజైన్లు ఉండేవి. స్ప్రింగులు మార్చుకుంటూ, నూనె పెట్టుకుంటూ వాటిని కొత్తవాటిలా ఉంచేవాడు.

చట్టం వచ్చాక మొదట చాలామంది చేసినట్టే ఆయన కూడా క్లబ్బులో కూర్చుని తిట్టాడు. తర్వాత ఒకదాన్ని లోవెల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తుపాకులు బాగుచేసే లోవెల్‌కి ఆ నెలల్లో ఊపిరి తీసుకునే తీరిక లేదు. పెట్టె లోపల ఒక దిమ్మ పెట్టి, పక్కనుంచి తొలిచి, రివిట్ కొట్టి, జిగురు పోసేవాడు. ఎమిల్ దాన్ని ఇంటికి తెచ్చుకుని తూటాలు నింపి చూశాడు. పదకొండోది దిగలేదు. రివిట్ తలని బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. మిగతావి లోవెల్‌కి ఇవ్వనన్నాడు. పోలీసులకైతే అసలే ఇవ్వనన్నాడు.

చిక్కంతా ఏమిటంటే ఆయన కూతురే పోలీసు. డెనీస్ పక్క టౌన్‌షిప్‌లో సార్జెంటు. విడాకుల తర్వాత తండ్రి ఇంట్లోనే ఉంటోంది. గడువు దగ్గరపడుతున్నకొద్దీ ఆమె తండ్రితో వాదించడం మానేసింది. ఒకరోజు మాత్రం నా ఎదుటే చెప్పింది.

“నాన్నా, గడువు దాటాక అవి ఈ ఇంట్లో ఉంటే నేను ఉండను. అలిగి అనట్లేదు. ఉండకూడదు, అంతే.”

“మరి ఎక్కడ పెట్టమంటావు? నదిలో పారెయ్యమంటావా?”

“నది దాటించు. గేజా బాబాయి ఉన్నాడుగా.”

ఆ పేరు ఆ ఇంట్లో వినపడి ముప్పై ఏళ్ళ పైమాటే అయింది.

గేజా ఆయన తమ్ముడు. డెలవేర్ నదికి అవతల ఈస్టన్‌లో, పెన్సిల్వేనియా రాష్ట్రం వైపు ఉంటాడు. అక్కడ తూటాలకి ఈ పరిమితి లేదు. వంతెన దాటితే వచ్చే ఊరే. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ పంపుల ఫ్యాక్టరీలోనే పక్కపక్కన పనిచేశారు. పెద్ద సమ్మె జరిగినప్పుడు ఎమిల్ యూనియన్ తరఫున గేటు ముందు నిలబడ్డాడు. మూడో నెలలో గేజా ఆ గేటు దాటి పనిలోకి వెళ్ళాడు. తర్వాత తల్లి అంత్యక్రియల్లో, చర్చి మెట్ల మీద, అందరూ వింటుండగా ఎమిల్ తమ్ముణ్ణి ద్రోహి అన్నాడు. అంతటితో మాటలు ఆగిపోయాయి. సూపర్‌మార్కెట్లో ఎదురుపడినా ఒకరు ఇంకో వరుసలోకి తిరిగిపోయేవారు.

డిసెంబరు మొదటివారంలో ఎమిల్ నా ఇంటి తలుపు తట్టాడు. తుంటి ఆపరేషనై ఇంకా కారు నడపలేకపోతున్నాడు. చేతిలో ఒక పాత పనిముట్ల పెట్టె ఉంది.

“ఈస్టన్ దాకా తీసుకెళ్తావా?” అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

తలుపు గేజా భార్య ఇర్మా తీసింది. ఎమిల్‌ని చూసి పక్కకి జరిగి, “రండి బావగారూ,” అంది, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషితో అన్నట్టు. గేజా వంటగదిలో రేడియో బాగుచేస్తున్నాడు. లేవలేదు. అతని చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. ఎమిల్ పెట్టెని బల్లమీద పెట్టి మూత తీశాడు. ఇవి నీ దగ్గర ఉంచుకో, కాగితం ప్రకారం కూడా నీవే అవుతాయి, అని మాత్రం చెప్పాడు.

గేజా లోపలికి చూసి మూత వేశాడు.

“ముప్పై ఏళ్ళుగా నా గడప తొక్కలేదు నువ్వు. నీ ఇంట్లో ఉండకూడనివి నా ఇంట్లో పెట్టడానికి వచ్చావన్నమాట.”

“అవును.”

“అయితే అమ్మ అంత్యక్రియల్లో అన్న మాట వెనక్కి తీసుకో.”

“తీసుకోను. నువ్వు గేటు దాటావు.”

“ఇర్మాకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. పనిలోకి రాకపోతే ఫ్యాక్టరీ ఇచ్చే వైద్య బీమా తీసేస్తామన్నారు. అది నీకు తెలీదు.”

“తెలుసు,” అన్నాడు ఎమిల్. “అప్పుడూ తెలుసు.”

నాకు అక్కణ్ణుంచి లేచి కారులోకి పోవాలనిపించింది. గేజా పెట్టెని బల్ల మీదనుంచి తీసి కిందపెట్టి, కాలితో తనవైపు లాక్కున్నాడు.

“తెలీదని బొంకుతావనుకున్నాను,” అన్నాడు. “సరే. ఇక్కడ ఉంటాయి. కావలసినప్పుడు నువ్వే రావాలి. మనిషిని పంపితే ఇవ్వను.”

అలా ఎమిల్ వంతెన దాటడం మొదలైంది. వసంతం వచ్చేసరికి తుంటి నయమై తనే కారు నడుపుకునేవాడు. శనివారాలు రైఫిల్ మాత్రం పట్టుకెళ్ళేవాడు. గేజా తన ఊరి క్లబ్బుకి మ్యాగజైన్లు తెచ్చేవాడు. కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. చేతులు వణకడం వల్ల గేజా కాల్చడం మానేశాడు. అన్న పక్కన మడత కుర్చీ వేసుకుని తూటాలు ఒక్కొక్కటే మ్యాగజైన్‌లోకి నొక్కేవాడు. ఒక్కో తూటాకి చాలాసేపు పట్టేది. కొన్ని జారి కిందపడేవి. ఎమిల్‌కి ఓపిక తక్కువ. కాఫీ ఆలస్యమైతే హోటల్లోంచి లేచిపోయే మనిషి. అక్కడ మాత్రం దూరంగా గురి బోర్డుల వైపు చూస్తూ నిలబడేవాడు. చెయ్యి చాచి, ఇలా ఇవ్వు నేను నింపుకుంటా, అని ఒక్కసారీ అనలేదు. మాటలు పెద్దగా ఉండేవి కావు. గాలి ఎటునుంచి వీస్తోంది, ఎవరు పోయారు, ఎవరికి కళ్ళు కనిపించట్లేదు, అంతవరకే.

వేసవి చివర్లో ఒక పొరపాటు జరిగింది. నేనూ వెళ్ళిన శనివారమే అది. తిరిగొచ్చాక ఎమిల్ ఇంట్లో కాఫీకి కూర్చున్నాను. డెనీస్ రైఫిల్ సంచీని లోపల పెట్టబోతూ పక్క జేబు బరువుగా ఉందని తెరిచింది. నూనె గుడ్డ కింద ఒక మ్యాగజైన్ ఉంది. దాన్ని తెచ్చి మా కప్పుల మధ్య పెట్టింది.

“ఇందులో పదిహేను పడతాయి,” అంది.

ఎమిల్ చూసుకోలేదని, వచ్చే శనివారం పట్టుకెళ్ళి ఇచ్చేస్తానని చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“వచ్చే శనివారం దాకా ఉండదు నాన్నా ఇది.”

“ఉంటే? నన్ను స్టేషనుకి లాక్కెళ్తావా?”

“లేదు. నా బ్యాడ్జీ తీసుకెళ్ళి అక్కడ ఇచ్చేసి వస్తాను. చూడలేదని మాత్రం అబద్ధమాడను.”

గొంతు పెంచలేదు. నిలబడే ఉంది. యూనిఫారం ఇంకా మార్చుకోలేదు. ఎమిల్ ఆ యూనిఫారాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తర్వాత మ్యాగజైన్ తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళాడు. ఇనప సామాను బిగించే పట్టుడు మర తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే సుత్తి దెబ్బలు. డెనీస్ కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడింది.

ఆయన తిరిగొచ్చి బల్లమీద పెట్టినది నలిగిన రేకు ముక్క. స్ప్రింగు పక్కనుంచి పొడుచుకొచ్చింది.

“ఇప్పుడెన్ని పడతాయి?” అన్నాడు.

“ఏమీ పట్టవు,” అంది డెనీస్. కాఫీ చల్లారిందని మళ్ళీ వేడిచేసి పోసింది. ఆయన తాగాడు. అంతకుమించి ఆ విషయం వాళ్ళు మాట్లాడుకోలేదు.

తర్వాతి శనివారం ఎమిల్ తమ్ముడితో, మిగిలినవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. ఇంకోసారి మర్చిపోతే కూతురి ఉద్యోగం పోతుందన్నాడు. గేజాకి నచ్చలేదు. అయితే ఇక రావన్నమాట, అని అడిగాడట. ఎమిల్ జవాబు చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని తర్వాత నాతో అన్నాడు. గేజా వాటిని తన క్లబ్బులో ఒకాయనకి ఇచ్చేశాడు.

కొన్ని వారాలు ఎమిల్ వంతెన వైపు పోలేదు. మా క్లబ్బులోనే లోవెల్ బిగించిన మ్యాగజైన్‌తో కాల్చాడు. పది కాల్చడం, తీయడం, మళ్ళీ నింపడం. మా అందరిదీ అదే లెక్క కనుక పోటీలో దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఒక శనివారం ఆ క్లబ్బు గేటు ముందు ఇర్మా కారు ఆగింది. గేజా మడత కుర్చీ పట్టుకుని దిగాడు. నేరుగా ఎమిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఖాళీ మ్యాగజైన్ కోసం చెయ్యి చాచాడు.

“పదే పడతాయి,” అన్నాడు ఎమిల్.

“మంచిదే. నాకు పని తగ్గింది,” అన్నాడు గేజా.

మర్నాడు ఆదివారం అందరం ఎమిల్ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. ఇర్మా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన కూర తెచ్చింది. తింటుండగానే సమ్మె మాట వచ్చింది. ఎవరు ఎత్తారో నేను గమనించలేదు. మరుక్షణం ఇద్దరూ చెంచాలు కిందపెట్టారు. గేటు దగ్గర ఎవరు ముందు తోశారు, యూనియన్ నిధి ఏమైంది, ఎవరి పిల్లలు ఏం తిన్నారు, అన్నీ నిన్న జరిగినట్టే వచ్చాయి. ఎమిల్ మళ్ళీ ద్రోహి అన్న ఆ మాటే అన్నాడు. గేజా లేవబోయాడు.

ఇర్మా అతని మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“మీరిద్దరే తేల్చుకుంటున్నారు. ఆపరేషన్ నాది. గేటు దాటమన్నదీ నేనే. ఈయన వెళ్ళనన్నాడు. వెళ్ళకపోతే పుట్టింటికి పోతానన్నాను.”

గేజా పళ్ళెంలోకి చూస్తున్నాడు.

“నీ మీద నాకెప్పుడూ కోపం లేదు ఇర్మా,” అన్నాడు ఎమిల్.

“ఉండాల్సింది బావగారూ. నా మీద కొంత ఉంటే ఈయన మీద ఆ మేరకు తగ్గేది.”

డెనీస్ లేచి రొట్టె తేవడానికి వంటగదిలోకి వెళ్ళి, చాలాసేపు రాలేదు. ఎమిల్ ఆ మాటని వెనక్కి తీసుకోలేదు. గేజా కూడా మళ్ళీ అడగలేదు. కూర గిన్నె ఇర్మా వైపు జరిపి, ఇంకొంచెం వడ్డించమన్నాడు ఎమిల్. ఆమె ముందు భర్తకి వడ్డించి, తర్వాత ఆయనకి వడ్డించింది.