కారని దిక్సూచి

మా ఆయన జన్మలో ఓడ ఎక్కలేదు. సర్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. అయినా వీధిలో అందరికీ ఆయన కెప్టెన్ గారే. ముందుగదిలో మూడు అలమరాల నిండా నూటయాభై ఏళ్ళనాటి ఓడల సామాను పెట్టుకుంటే ఇంకేమని పిలుస్తారు? సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్లు, మడతపెట్టే ఇత్తడి దూరదర్శినులు, లోతుగిన్నెల్లాంటి మూడు దిక్సూచులు. తాగుడు మానేసిన ఏడాదే ఈ సేకరణ మొదలైంది. చేతులకు పని కావాలన్నారు. గ్లాసు పట్టుకునే మొగుడికంటే ఇత్తడి తుడుచుకునే మొగుడు నయం కదా అనుకున్నాను.

ముల్లు ఊగిసలాడకుండా ఆ దిక్సూచుల్లో సగం నీళ్ళు, సగం స్పిరిట్, అంటే ఘాటు సారాయే, కలిపి నింపాలి. తగ్గితే అద్దం కింద గాలిబుడగ కనిపిస్తుంది. పాతవి కాబట్టి కారుతున్నాయనేవారు ఆయన. ప్రతి ఆదివారం పొద్దున పక్కనున్న మర విప్పి, గరాటు పెట్టి నింపేవాళ్ళం.

"సీసా నా చేతికివ్వకు. కొనడం నువ్వే, పోయడం నువ్వే, తాళం కూడా నీ దగ్గరే," అన్నారు మొదట్లోనే. ఆ మాటకు ఎంత పొంగిపోయానో. లాబొరేటరీ సామాన్ల కొట్టతను నన్ను చూడగానే, "మీ ఓడకి మళ్ళీ దాహమేసిందా అమ్మా?" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మా అమ్మాయి సోమవారం మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. ఎనిమిది నెలల బాబును పగటిపూట మా దగ్గర ఉంచుతానంది. ఒకటే షరతు, ఇంట్లో చుక్క ఉండకూడదు.

"దిక్సూచిలోది కూడానా?" అన్నాను.

"ఏదైనా సరే. చిన్నప్పుడు నేను చూసింది చాలమ్మా. వాడికొద్దు."

కారడం ఆగితే స్పిరిట్ కొనే పనే ఉండదు, లోపలున్నది లోపలే ఉంటుంది అనుకున్నాను. గురువారం ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళగానే, పెద్ద దిక్సూచిని తువ్వాల్లో చుట్టి గడియారాల మేస్త్రీ దగ్గరికి బస్సులో తీసుకెళ్ళాను. ఆ ముసలాయన దాన్ని తుడిచి, తెల్లకాగితం మీద బోర్లించి, నాకో స్టూలు చూపించాడు. గంట తర్వాత కాగితం తీసి చూపించాడు. పొడిగా ఉంది.

"కారడం లేదమ్మా."

"వారానికి గ్లాసుడు తగ్గుతోంది మేస్త్రీగారూ."

"అయితే దానికి కాళ్ళొచ్చాయి." నవ్వుతూనే మరను నావైపు తిప్పాడు. "మిగతా మరల గాళ్ళన్నీ నల్లబడ్డాయి. ఈ గాడి ఒక్కటే మెరుస్తోంది, చూశారా? వారానికోసారి విప్పితే ఇంత అరగదు. ఎవరో రోజూ విప్పుతున్నారు."

నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. తువ్వాలు తనే చుడుతూ, మెల్లగా అన్నాడు. "లోపల వేసింది పాతకాలం సీసం కలిపిన రంగు, అమ్మా. పెచ్చులూడుతోంది. కడుపులోకి పోతే మంచిది కాదు."

సీసాకు తాళం వేసి, గిన్నెలో పోసి పిల్లి ముందు పెట్టింది నేనే. బస్సులో ఆ బరువు ఒళ్ళో పెట్టుకుని, దిగాల్సిన చోటు దాటిపోయాను.

నేను వచ్చేసరికి ఆయన అలమరాలో ఖాళీ ముందు నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి పట్టుకెళ్ళావు?"

"మేస్త్రీ దగ్గరికి."

"ఏమన్నాడు?"

"కారడం లేదన్నాడు."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "నాలుగేళ్ళుగా ఏ దుకాణం మెట్టూ ఎక్కలేదే. ఒట్టు," అన్నారు.

"నిజమే. నేనెక్కాను."

"అమ్మాయికి చెప్పకు. బాబొస్తే మానేస్తాను. పసివాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఎలా ముడతాను?"

"మీరు ముట్టిన రోజుల్లో అమ్మాయీ పసిదే."

నేను ఫోన్ తీశాను. ఆయన ఎదుటే చేశాను, వంటింట్లోకి కూడా వెళ్ళలేదు.

"సోమవారం బాబును తీసుకురాకమ్మా."

అటువైపు బాబు ఉంగాలు వినిపిస్తున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"తెలీదు. పోసింది నేనే."

అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. సెలవు పొడిగించమని ఆఫీసులో అడుగుతానంది, ఇవ్వకపోతే మానేస్తానంది. మూడేళ్ళు చదివి తెచ్చుకున్న ఉద్యోగం. బజారుకు వెళ్ళొచ్చే పని మానేస్తున్నట్టు చెప్పింది.