కానా ఊరిలో మళ్లీ పెళ్లి

ఈ పసుపుపచ్చ టోపీ ఒకటి, తప్పిపోకుండా ఉండడానికట, గుంపులో అందరికీ ఒకటే రంగు, మేడ్చల్‌లో చర్చి ముందు ఎయిర్‌పోర్టు బస్సెక్కేటప్పుడే నెత్తిన పెట్టించారు, అప్పటి నుంచి తలనొప్పి, తీద్దామంటే పాస్టరు అయ్యగారు చూసి మార్తమ్మగారూ టోపీ అంటారు, ఎక్కడికి తప్పిపోతాను నేను, బస్సు మెట్లు దిగడానికే మోకాళ్లు మొరాయిస్తుంటే, మొన్న యొర్దాను, నిన్న గలిలయ సముద్రం, ఎక్కడ దిగినా ఫోటో, ఎక్కడ దిగినా ప్రార్థన, కళ్లు మూస్తే చాలు నిద్ర ముంచుకొస్తోంది, దేవుడా క్షమించు, పరిశుద్ధ దేశానికొచ్చి నేను కోరుకునేది ఒక మంచం, ఇప్పుడేమో కానా ఊరు, ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేసిన చోటు, వీధి పొడుగునా దుకాణాల్లో అవే సీసాలు, మా ఆయన దేవదానం ఒక సీసా ఎత్తి పట్టుకుని అయ్యగారూ, గిది మనం తాగొచ్చునా అని అడిగాడు, అయ్యగారు వినబడనట్టు ముందుకు నడిచారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వే ఉంటాను, నవ్వడానికీ ఒళ్లు సహకరించాలి కదా.

మమ్మీ జల్దీ రా, లైన్ల నిలబడాలె, కెజియా పిలుస్తోంది, నా కూతురే, పొద్దున హోటల్లో నాకు పట్టుచీర కట్టించి కొంగుకు పిన్నులు గుచ్చింది, ఈ ఊరికొచ్చిన దంపతులు మళ్లీ పెళ్లి ప్రమాణాలు చేస్తారట, చేయకుండా పోతే కానా చూసినట్టే కాదట, తలూపాను, నేను దేనికి కాదన్నాను గనుక, కానీ ఆ పిన్నులు గుచ్చుతుండగానే ఫోన్ మోగింది, మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బాబా మియా వాట్సాప్‌లో పంపిన మాట, మా పొలం పక్క పొలం ఆయనది, మా పొలం అనకూడదు ఇప్పుడు, ఫణిభూషణ్ గారికి అమ్మేశాం, అక్కా, ఫణిభూషణ్ సార్ ఇంటికి ముగ్గు పోయించిండు, సోమారం పొక్లెయిన్ తెస్తడంట, అమ్మ ఉన్న మూలకెళ్లే తవ్వుతరు, సార్‌కు ఎర్కనే లేదు అక్కడ సమాధి ఉందని, నేను చెప్పాల్నా, మీరే చెప్తరా, ఏదో ఒకటి చెప్పుండ్రి, నాకైతే పరేషాన్ అయితాంది. రెండుసార్లు విన్నాను, ఫోన్ సంచిలో వేసుకున్నాను.

కరోనాలో పోయింది మా అమ్మ సాలమ్మ, సమాధుల తోటలోకి తేవద్దని వాడంతా అడ్డం నిలబడ్డారు, మనవాళ్లే, ఆదివారం ఆదివారం పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లే, చివరికి బాబా మియా, ఆయన కొడుకు ఆసిం ముఖాలకు గుడ్డలు కట్టుకుని వచ్చి మా నాయన నా పేరున రాసిన పొలం మూలలో గుంత తవ్వారు, అక్కడే పెట్టాం, మీద ఒక బండ, బండ మీద సిలువ చెక్కించాను, ఈస్టర్ తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులతో సమాధుల తోటకు పోతే నేనొక్కదాన్ని పొలానికి పోయేదాన్ని, గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, అమ్మా నేనొచ్చిన అనేదాన్ని, తర్వాత చుట్టూ లేఅవుట్లు లేచాయి, దేవదానం అమ్ముదామన్నాడు, ఆ బండను బోర్లా తిప్పించాడు, ఫణిభూషణ్ చూసి ఇదేంటండీ అంటే హద్దురాయి సార్ అన్నాడు, నేను పక్కనే ఉన్నాను, అమ్మా మీకిష్టమే కదా అని ఆ మనిషి నన్నే అడిగాడు, పాపం మర్యాదగానే అడిగాడు, ఆమెదేముంది సార్, నేనెంతంటే గంతే అని ఈయన జవాబిచ్చాడు, రిజిస్ట్రేషనప్పుడు షామీర్‌పేటలో సంతకం మాత్రం నేను పెట్టాను, బయటికొచ్చాక అమ్మను తీసి తోటలో పెడదామయ్యా, ఇప్పుడు ఎవరూ కాదనరు అంటే ఆత్మ ప్రభువు దగ్గరుంటే మన్నుల ఏముంటదే, పరిశుద్ధ దేశం పోయొచ్చినంక జూద్దాం అన్నాడు, కెజియా కూడా, అక్కడ ప్రభువు ఖాళీ సమాధి చూస్తం గదా మమ్మీ, నీకే ధైర్యమొస్తది అంది, అమ్మ సమాధి ఎక్కడుందో తెలియకుండా చేసి ఇంకొకరి సమాధి చూడ్డానికి ఇంత దూరం వచ్చాం, కోపం రావాలి నాకు, రావడం లేదు, కూర్చోవాలని ఉంది.

లైను కదిలింది, అయ్యగారు మైకు పట్టుకుని ఒక్కొక్క జంటనూ అడుగుతున్నారు, మీ భర్తను మరల స్వీకరించడానికి ఒప్పుకుంటున్నారా, ఒప్పుకుంటున్నాను, చప్పట్లు, ముందున్న ముసలావిడ ఏడ్చింది కూడా, ఎంత బాగుంటుందో అట్లా ఏడవగలిగితే, మా వంతు, దేవదానం గట్టిగా ఒప్పుకుంటున్న అయ్యగారూ అన్నాడు, ముఖం వెలిగిపోతోంది, చెడ్డవాడా అంటే కాదు, నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటాడు, మైకు నా ముందుకొచ్చింది, మార్తమ్మగారూ మీరు, మాట రాలేదు, మా మమ్మీకి సిగ్గు అయ్యగారూ, అవునన్నట్టే అనుకోండ్రి అని కెజియా వీడియో తీస్తూ అరిచింది, అనుకోండ్రి, అట్లాగే అనుకున్నారు నా పెళ్లిలోనూ, ఇదే ప్రశ్న, నోరు పెగల్లేదు, వెనక నుంచి మా పెద్దమ్మ చెయ్యి నా తలను మెల్లగా ముందుకు వంచింది, అప్పటి అయ్యగారు సంతోషం అన్నారు, అంతే, పెళ్లయిపోయింది, ఆ మాట నా నోటితో నేను ఎన్నడూ అననే లేదు, పెళ్లప్పుడూ అనలేదు, పొలమప్పుడూ అనలేదు, ఇప్పుడు వెనక నుంచి తల వంచే చెయ్యి లేదు, అమ్మను తీసి తోటల పెట్టిందాంక నేను ఒప్పుకోను అయ్యగారూ, అది హద్దురాయి కాదు మా అమ్మ సమాధి అని ఫణిభూషణ్ సార్‌కు ఈయననే ఫోన్ చేసి చెప్పమనుండ్రి, ఇప్పుడే, మైకులో నా గొంతు నాకే కొత్తగా వినబడింది, చప్పట్లకు లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి, మార్తా, నలుగుర్ల ఏందిది అన్నాడు దేవదానం, నలుగుర్ల గాబట్టే అంటున్న, ఇంట్ల అంటే ఎవరు ఇన్నరు, ఆయన అయ్యగారి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, ఎవరూ ఆయన బదులు మాట్లాడలేదు, తలదించుకుని ఫోన్ తీశాడు, సార్, నేను లాల్‌గడి మలక్‌పేట్ దేవదానాన్ని, పని జెర ఆపుండ్రి సార్, ఒక మాట మీకు అబద్ధం చెప్పిన, ఆయన్ని చూస్తే జాలేసింది, అయినా పక్కకు జరగలేదు, మార్తమ్మకు ఓపిక ఎక్కువ అని అందరూ అంటుంటే ఇన్నేళ్లూ నేనూ నిజమేననుకున్నాను, అది ఓపిక కాదు, అలసిపోయి ఊరుకోవడం, అంతే.